అతను మాట్లాడని పేజీలు

"ఒక్క మాట చాలు అక్కయ్యగారూ, ఒకే ఒక్క మాట," అని చెప్పి సంపాదకుడు ఆమెను ఈ గదిలో కూర్చోబెట్టి పోయాడు, పక్కింటికి వెళ్ళి కాసింత పంచదార అడిగి తెమ్మన్నంత తేలిగ్గా. గది అకౌంటెంటుది. ఆయన నిన్ననే సెలవు పెట్టి పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయాడట. కుర్చీలో మెత్త ఇంకా ఆయన ఒళ్ళు మోస్తున్నట్టే గుంటపడి ఉంది, కుర్చీ వీపున తువ్వాలు వేలాడుతోంది, కిటికీలో చిన్న పూలకుండీ. సెలవులన్నిటికీ సరిపడా నీళ్ళు ఒకేసారి పోసి వెళ్ళినట్టున్నాడు, కింది పళ్ళెం నిండి గట్టు మీదికి కారుతోంది. అలా పోస్తే వేళ్ళు కుళ్ళిపోతాయని ఆయనకెవరు చెబుతారు, ఉన్నన్నాళ్ళూ రోజుకింత చేయవలసింది వెళ్ళేముందు ఒక్కసారే చేసి వెళ్ళిపోగలిగితే ఎంత బాగుండేది అనుకుంది, అనుకోగానే ఆ మాటలో నవల వాసన తగిలి పక్కకు నెట్టేసింది. ఎదురుగా బల్ల మీద పేజీ. అచ్చుకు పోయేముందు ఆఖరిసారి చూసుకోవడానికి తీసిన పేజీ, ముట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. అందులో చివర కథానాయిక అడుగుతుంది, "నేను వెళ్ళిపోతే ఏం చేస్తావు?" అని. దాని కింద ఏమీ లేదు. పేజీ తిప్పితే ఇద్దరికీ పెళ్ళయిపోయి ఉంటుంది.

ఈ వారపత్రిక ఏటా సంవత్సరాంతపు సెలవులకి ఒక ప్రత్యేక సంచిక తెస్తుంది, అందులో అనుబంధ నవల ఏటా ఆమెదే. రైళ్ళలో, బస్సుల్లో, అత్తవారింటి వసారాల్లో, హాస్పిటల్ వరండాల్లో కూడా జనం చదువుకునే నవల, చదివి పక్క సీటులో వదిలేసి దిగిపోయే నవల. అలా వదిలేస్తారని ఆమెకెప్పుడూ బాధ లేదు, ఒకరు వదిలేస్తే ఇంకొకరు తీసుకుంటారు. మిగతా సంచికంతా అచ్చయి కట్టలు కట్టి సిద్ధంగా ఉంది, ఈ చివరి భాగమే మిగిలింది. కింద అచ్చు మెషీన్ ఆపి కూర్చున్నారు. ఆ పనివాళ్ళ సంచులు మెట్ల కింద వరసగా పెట్టి ఉండడం వస్తూ చూసింది, ఒక సంచిలోంచి పసుపుపచ్చ బొమ్మ తల బయటికి పెట్టింది. వీళ్ళందరి ప్రయాణాలూ తన హీరో నోటి దగ్గర ఆగిపోయాయి. సంపాదకుడి సూట్‌కేసు కూడా బల్ల పక్కనే ఉంది, పైన చంటివాడి టోపీ. "మీ హీరోకి గొంతు పట్టేసిందేమిటండీ, సగం నుంచీ నోరు విప్పడే!" అని నవ్వబోయి, నవ్వు సగంలో ఉండగానే ఆమె ఇంట్లో జరిగింది గుర్తొచ్చి, నాలుక కరుచుకుని, బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు పాపం. ఆ తర్వాత గొంతు తగ్గించి నిదానంగానే చెప్పాడు. మధ్యలో మాట్లాడకపోయినా పరవాలేదు, అలిగాడనుకుంటారు, నిజానికి బాగుంది కూడా, కొత్తగా ఉంది. కానీ ఈ చివర ఆ పిల్ల అంత నేరుగా అడిగాక కూడా పలకకపోతే పెళ్ళి ఎలా నమ్ముతారు? ఒక్క మాట. లేకపోతే నేనే ఏదో ఒకటి పెట్టేస్తాను, ఏమంటారు?

ఏమంటుంది. ఆమె అనేది ఎప్పుడూ ఆడపిల్ల మాటలే. మగవాడి మాటలు ఆమెవి కావు, ఏ నవలలోనూ కావు, ఈ సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు, ఇప్పుడు ఒకరికే. ఆమె ఇంటాయనకి బజారు మలుపులో కళ్ళజోళ్ళ దుకాణం. రోజంతా ఎవరి కళ్ళలోకో చూస్తూ, అద్దాలు మారుస్తూ, "ఇప్పుడెలా ఉంది? ఇప్పుడు? ఇందాకటిదే బాగుందా?" అని అడిగి అడిగి, ఇంటికొచ్చాక మాత్రం ఎవరినీ ఏదీ అడగడు, కూరగాయల బుట్ట ముందేసుకుని కూర్చుంటాడు. కూర తరగడం ఆయన పని, వండడం ఆమె పని, నవల మధ్యలో. బల్ల దగ్గర కూర్చుని ఆమె ఆ రోజు రాసింది తీసి, కథానాయిక మాట పైకి చదివేది. ముందూ వెనకా చెప్పేది కాదు, ఆ పిల్ల ఎవరో, ఎందుకడుగుతోందో, బయట వాన కురుస్తోందో స్టేషన్‌లో రైలు కదులుతోందో, ఏదీ చెప్పేది కాదు. చెబితే ఆయన ఆలోచిస్తాడు, ఆలోచించాడా మాట చెడిపోతుంది. "నీకు నేనంటే ఎందుకంత కోపం?" అని చదివితే ఆయన చిక్కుడుకాయ ఈనె లాగుతూ, "కోపం కాదు, ఆకలి," అనేవాడు. అంతే, అది నవలలోకి పోయేది, ఊరంతా ఆ హీరోని తలుచుకుని మురిసిపోయేది. "నన్నెప్పటికీ మర్చిపోవుగా?" అంటే, "నిన్న మందులు తెమ్మంటేనే మర్చిపోయాను, నన్నెందుకు నమ్ముతావు?" అనేవాడు. దానికి ఎంతమంది ఆడవాళ్ళు ఉత్తరాలు రాశారో, ఇలాంటి మగవాడు ఎక్కడుంటాడండీ, చిరునామా ఇవ్వండి అని. ఆ ఉత్తరాలు చదివి వినిపిస్తే ఆయన దోసకాయ చేదు చూస్తూ, "ఇచ్చెయ్ రచయిత్రీ, దుకాణానికి బేరాలొస్తాయి," అనేవాడు. ఆయన ఆమె నవల ఒక్కటి కూడా చదవలేదు. చదివితే తన మాట తనకే పరాయిగా వినబడుతుందని భయమేమో, లేక నిజంగానే ఇష్టం లేదేమో, అది కూడా ఎప్పుడూ అడగలేదు. నవల్లో ఆడపిల్ల చేత అన్నీ అడిగించింది గాని తాను అడిగింది చాలా తక్కువ.

రాత పద్ధతి కూడా దానికి తగ్గట్టే ఏర్పడిపోయింది. పొద్దున రాసుకునేటప్పుడు ఆడపిల్ల మాట రాయడం, కింద ఒక లైను ఖాళీ వదలడం, మళ్ళీ ఆడపిల్ల మాట, మళ్ళీ ఖాళీ. సాయంత్రం ఆ ఖాళీల్లో ఆయన వచ్చి కూర్చునేవాడు. ఈ నవల సగం దాకా అలాగే నడిచింది. ఆ తర్వాత హాస్పిటలు, ఆ తర్వాత చుట్టాలు, చుట్టాలు వెళ్ళిపోయాక ఇంట్లో కూర్చోవడానికి కుర్చీలన్నీ ఒకేసారి ఖాళీ అయిన ఆ వింత రోజులు. ఏదో ఒకటి చేస్తూ ఉండమన్నారు అందరూ. రాయడం మొదలుపెట్టింది. ఆడపిల్ల మాట రాసింది, లైను వదిలింది, మళ్ళీ రాసింది, మళ్ళీ వదిలింది. చెయ్యి తన దారిన తాను పోయింది, ఎద్దు బండిని ఇంటికి లాక్కుపోయినట్టు. ఒక్కసారైనా, ఇవి ఎవరు నింపుతారు అని తోచలేదు. తోచకపోవడమేమిటి, మనిషి లేడని తెలియదా, తెలుసు, దుకాణం షట్టరు తాళంచెవి తన సంచిలోనే ఉంది, తెలుసు. కానీ ఆ తెలిసిన చోటు వేరు, రాసే చెయ్యి వేరు, రెంటికీ మధ్య ఎవరూ కబురు మోయలేదు. రాసిందంతా కట్టగట్టి పంపేసింది. ఇక్కడ దాన్ని టైపు చేసినవాళ్ళు ఆ ఖాళీ లైన్లు చూసి, పెద్దావిడ కళ్ళు సరిగా కనబడక వదిలేసిందనుకుని, అన్నీ దగ్గరికి జరిపేశారు. దాంతో ఆ పిల్ల ఒక్కతే మాట్లాడుతూ పోయింది. నిన్న నిద్రపోయావా? ఎందుకలా చూస్తున్నావు? నా మీద ఒట్టేసి చెప్పు. సరే చెప్పకు. ఈ చీర ఎలా ఉంది? పలకవేం? పేజీల తరబడి ఒక ఆడది ఒక మగవాడి ముందు నిలబడి అడుగుతోంది, అడుగుతోంది, అతను అక్కడే ఉన్నాడు, కథలో ఎక్కడికీ పోలేదు, టీ తాగాడు, తలుపు వేశాడు, కానీ ఒక్క మాట మాట్లాడలేదు. ఇందాక సంపాదకుడి బల్ల ముందు నిలబడి మొదటిసారి వరసగా చదివినప్పుడు ఆమెకి అరికాళ్ళు చల్లబడ్డాయి. ఇది ఎవరు రాశారు? ఇంత దిక్కుమాలిన రాత ప్రేమ నవల అని ఎవరిచ్చారు వీళ్ళకి?

కిటికీలోంచి కింద వీధి. చక్రాల పెట్టెలు గరగరమని రాళ్ళ మీద లాక్కుపోతున్నారు, ఆ చప్పుడు పొద్దుటి నుంచీ ఊరంతా ఉంది. ఎదురు దుకాణానికి రంగు బల్బుల తోరణం కడుతున్నాడొకడు, నిచ్చెన పట్టుకున్న ఆవిడ పైకి చూస్తూ కేకలేస్తోంది, ఎడమకి, ఎడమకంటే నీ ఎడమ కాదు, నా ఎడమ. ఆయనుంటే ఈ వారమంతా దుకాణంలో తీరిక ఉండేది కాదు. ప్రయాణాలకి ముందే అందరికీ కళ్ళజోళ్ళు గుర్తొస్తాయి, విరిగిన కాడలు, పోయిన మరలు, ముసలివాళ్ళకి కొత్త అద్దాలు. ఈమెకి ఈ ప్రూఫులు. ఇద్దరికీ ఊపిరాడని రోజుల్లోనే లోకానికి సెలవులు. వాళ్ళ సెలవు అందరూ వెళ్ళిపోయాక మొదలయ్యేది, వీధి ఖాళీ అయ్యాక, పాలవాడు కూడా రాని రోజున. మధ్యాహ్నం దాకా పడుకునేవాళ్ళు. లేచి, ఆయన కిటికీ తీసి, "ఎవరూ లేరు, మొత్తం మనదే," అనేవాడు, వీధిని ఎవరో రాసిచ్చినట్టు. అలాంటి మాటలు నవలలో పెట్టలేదు, అవి అడగకుండా అన్న మాటలు, అవి తనవి. ఎన్ని ఉన్నాయి అలాంటివి అని వెతకబోతే చేతికి అందడం లేదు. అచ్చయిన మాటలన్నీ గుర్తున్నాయి, తనకోసం అన్నవి మాత్రం చెదిరిపోతున్నాయి, ఇదేం న్యాయం? దాచుకోవలసినవి దాచకుండా, ఊరికి పంచినవే మిగిలాయి. ఇంకొన్నాళ్ళు పోతే ఆయన గొంతు గుర్తు చేసుకోవాలన్నా పాత సంచికలు తిరగేయాలేమో, రైళ్ళలో జనం వదిలేసినవి.

ఫోను మోగింది. కూతురు.

"అమ్మా, అయిందా? మేం బయల్దేరుతున్నాం. ఆయన కారు తీశారు."

"లేదే. ఒక్క మాట మిగిలింది."

"ఒక్క మాటా! ఒక్క మాటకి పొద్దుటి నుంచీ కూర్చోబెట్టారా నిన్ను? ఏదో ఒకటి రాసి పడెయ్యమ్మా. సెలవుల్లో ఎవరు చూస్తారు అంతగా?"

"ఊఁ."

"తిన్నావా?"

"తిన్నాను."

"అబద్ధం. గొంతులోనే తెలుస్తోంది. సరే, మీ ఆఫీసు కిందికి రాగానే ఫోన్ చేస్తా. స్వెటరు పెట్టుకున్నావా సంచిలో? నాన్నది కాదు, నీది."

పెట్టుకున్నాను అంది, ఎవరిదో చెప్పలేదు. కూతురు మంచిదే, అల్లుడూ మంచివాడే, వాళ్ళింట్లో ఈమెకోసం ఒక గది సర్ది, మంచం కిటికీ వైపు తిప్పారట. కూతురికి కూడా తెలియదు ఆ మాటలు నాన్నవని. సాయంత్రాలు ఆ పిల్ల పక్క గదిలో చదువుకుంటూ అమ్మానాన్నలు ఏదో వాదించుకుంటున్నారనుకునేది. పెళ్ళయ్యాక ఒకసారి, "మా ఆయనకి నీ హీరోల్లా మాట్లాడడం రాదే అమ్మా," అని దిగులుగా అంది, అప్పుడు వంటింట్లోంచి వాళ్ళ నాన్న దగ్గు వినబడింది, నవ్వు ఆపుకుంటే వచ్చే దగ్గు. ఆ దగ్గే తర్వాత పెద్దదయింది. కాదు, అది వేరే దగ్గు. ఇప్పుడు అన్నీ కలిసిపోతున్నాయి. హాస్పిటల్లో చివరిరోజు ఆయన ఏమన్నారు అని చుట్టాలు ఒక్కొక్కరూ అడిగారు, కళ్ళు తుడుచుకుంటూ, కాస్త ముందుకు వంగి. ప్రేమ నవలలు రాసే ఆవిడ మొగుడు కదా, ఏదో ఒకటి అని ఉంటాడని వాళ్ళ ఆశ. ఆయన అన్నది నర్సుతో. "ఆ కిటికీ కొంచెం వేస్తారా, గాలి వస్తోంది," అన్నాడు. నర్సు వేసింది. అంతే. ఆమె పక్కనే ఉంది, చెయ్యి పట్టుకునే ఉంది, తనని అడిగితే తాను వేసేది కాదా. నవల అయితే ఇలా రాయనిచ్చేవారా? కొట్టేసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి తిప్పి పంపేవారు.

సంపాదకుడు పెట్టేస్తానన్న మాట కూడా చెప్పే వెళ్ళాడు. "నువ్వు లేకపోతే నేను లేను." నాలుగు మాటలు, చోటు సరిపోతుంది, ఎవరికీ ఎదురు ఉండదు. అది వినగానే వద్దని చెయ్యి ఊపింది, అందుకే ఈ గదిలో కూర్చోబెట్టాడు. ఎందుకు వద్దంది? చదివేవాళ్ళకి నచ్చుతుంది. ఎప్పుడూ అందరూ అనుకునే మాటే. కానీ అది అబద్ధమని ఆమెకి ఇప్పుడు ఒంటితో తెలుసు. అంతా అయిపోయి ఇంటికొచ్చిన రోజు ఎవరో పళ్ళెంలో అన్నం పెట్టి ముందుంచితే, వద్దు వద్దంటూనే మొత్తం తిన్నది. రెండోసారి పెట్టించుకుంది కూడా. కడుపు దాని పని అది చేసుకుపోయింది, సిగ్గు లేకుండా. గోళ్ళు పెరుగుతున్నాయి, తల దువ్వితే జుట్టు ఊడుతోంది, కాస్త చలేస్తే ఒళ్ళు ముడుచుకుంటోంది. నువ్వు లేకపోతే నేను ఉన్నాను. ఉండడమే ఇందులో ఘోరం. దాన్ని ఏ నవలలో పెడతారు, సెలవులకి పిల్లాజెల్లాతో ఊరెళ్ళే మనిషి చేతిలో ఏ ముఖం పెట్టుకుని పెడతారు?

కలం తీసింది. పెట్టింది. ఆయన ఉంటే ఏమనేవాడు అని ఆలోచించకూడదు, ఆలోచిస్తే పాడవుతుంది. చదవాలి, అంతే. గొంతు సవరించుకుంది. ఇన్నేళ్ళుగా బల్ల దగ్గర కూర్చుని చదివిన గొంతుతోనే, ఎక్కువ ఒలకబోయకుండా, కూర తరిగే మనిషికి వినబడేంత మాత్రం, పైకి చదివింది.

"నేను వెళ్ళిపోతే ఏం చేస్తావు?"

గోడకి క్యాలెండరు కదిలింది. కుండీ నుంచి ఒక చుక్క జారి నేల మీద పడింది. పక్కగదిలో కుర్చీ కిర్రుమంది.

"నన్నాండీ?" అంది అచ్చుకి పేజీలు పెట్టే ఆవిడ అక్కణ్ణుంచే. జలుబు ముక్కుతో. "మీరెళ్ళిపోతే నేనూ వెళ్ళిపోతానండీ, మా ఆయన గేటు దగ్గర రుసరుసలాడుతున్నాడు. కానీ ఆ మాట ఇచ్చి వెళ్ళండి తల్లీ."

"నిన్ను కాదమ్మా," అంది. నవ్వొచ్చింది, నవ్వు వచ్చినందుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడే, తల వంచి పేజీ వైపు చూస్తుండగానే, చెయ్యి రాసేసింది. ఆలోచన లేదు, ఆగడం లేదు, కొట్టివేత లేదు. ఆయన దగ్గర మాట ఎలా ఊడిపడేదో అలాగే.

"వెళ్తే వెళ్ళు. కాస్త మెల్లగా వెళ్ళు, నేను చెప్పులు వెతుక్కోవాలి."

చూసుకుంది. ఆయనే. ఆ ఒంకర, ఆ బద్ధకం, నేరుగా చెప్పకుండా అంతా చెప్పేయడం. తలుపు దగ్గర అలికిడైనట్టు తోచింది. తల ఎత్తింది కూడా. అకౌంటెంటు తువ్వాలు, అకౌంటెంటు మొక్క. పేజీలు పెట్టే ఆవిడ ముక్కు తుడుచుకుంటూ వచ్చి ఆ కాగితం అందుకుని నిలబడే చదివింది, పెదవులు కదుపుతూ. ముందు కనుబొమలు లేచాయి, తర్వాత భళ్ళున నవ్వింది.

"చెప్పులంటండీ! అయ్యబాబోయ్. మా ఆయన కూడా ఉన్నాడు, నోట్లో మాట లాగాలంటే పటకారు కావాలి. వచ్చేశాడు మేడం మీ హీరో, ఎక్కడికి పోయాడో గాని వచ్చేశాడు!"

అంటూ నవ్వుకుంటూనే తన కంప్యూటరు ముందుకు పోయింది. సంపాదకుడి గది నుంచి కూడా నవ్వు వినబడింది, ఆ వెంటనే సూట్‌కేసు నేల మీంచి లేచిన చప్పుడు, కింది వాళ్ళకి కేక, "తెమలండ్రా, అయిపోయింది!" మెట్ల మీద అడుగులు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. ఆ వాక్యాన్ని నోట్లో మెల్లగా మరోసారి తిప్పుకుంది, చిన్న రాయి ఎక్కడుందో నాలుకతో వెతికినట్టు. మెల్లగా వెళ్ళు. చెప్పులు వెతుక్కోవాలి. వెళ్ళేది ఎవరు? ఉండిపోయి చెప్పులు వెతుక్కునేది ఎవరు? నేను వెళ్ళిపోతే ఏం చేస్తావు అని ఆయన తనని ఒక్కనాడూ అడగలేదు. హాస్పిటల్లో కూడా అడగలేదు. అడిగి ఉంటే తాను ఇదే అనేది. ఇది ఆయన మాట కాదు. ఆయన గొంతులో పలికిన తన మాట. ఇన్నాళ్ళూ ఖాళీగా వదిలిన ఆ లైన్లలో ఆయన కోసం ఒక చోటైనా ఉంది, అడిగితే పలకని మనిషిగానైనా ఆ పేజీల్లో ఆయన ఉన్నాడు. ఇప్పుడు ఆ చోటు కూడా తానే ఆక్రమించుకుంది, అదీ ఎంత సులువుగా, ఒక్క చుక్క చెమట పట్టకుండా. చదివేవాళ్ళకి తేడా తెలియదు. తనకే తెలియలేదు కొన్ని క్షణాల పాటు. రేపటి నుంచి ఆయన చేత ఏమైనా అనిపించవచ్చు, వచ్చే ఏడు కూడా, ఆ పై ఏడు కూడా. ఇక ఆయన అడ్డు చెప్పడు.

పేజీలు పెట్టే ఆవిడ తలుపులోంచి తల పెట్టింది.

"మేడం, ఆ మాట పెట్టాక కూడా పేజీ కింద కాస్త చోటు మిగిలిందండీ. వెలితిగా ఉంది. ఇంకేమైనా అంటాడా?"

ఆమె కలం మూత తీసింది.

"అంటాడు," అంది. "ఎన్ని లైన్లు కావాలమ్మా?"